రోడ్డు వేస్తున్నన్నాళ్లూ దారికి జవాబుదారీ ఎవరు?

— బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి

రోడ్డు నాగరికతకు గుర్తు అని చిన్నప్పటినుంచీ పాఠాల్లో చదువుకున్నాం. కొండమీద పుట్టినవాడికి ఆ మాట ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. రోడ్డు లేక డోలీలో మోసుకొచ్చిన రోగిని చూసినవాడికి రోడ్డంటే ఏమిటో తెలుసు. కాబట్టి ఈ వ్యాసం రోడ్డు వద్దని చెప్పేది కాదు. రోడ్డు కావాలి, వెడల్పు రోడ్డే కావాలి. కాని ఆ రోడ్డు తయారయ్యే రెండు మూడేళ్లూ పాత దారిమీద నడిచే మనిషి సంగతి ఎవరు చూడాలి అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో తగల్లేదు. ఒక రాత్రి ఘాట్ రోడ్డుమీద తగిలింది.

నాన్నా నేనూ క్యాబేజీ, చిక్కుడుకాయల మూటలు వ్యాన్‌లో వేసుకుని విశాఖ బయలుదేరాం. తెల్లారేసరికి మార్కెట్లో దిగితేనే సరుక్కి ధర. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా బళ్ల వరస. అంతకుముందు ఎక్కడా ఒక్క బోర్డు లేదు, ఒక్క దీపం లేదు. ముందర పొక్లెయిన్‌తో కొండ తవ్వుతున్నారు. మట్టి దారిమీదకి జారింది. ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని ఒక కుర్రాడు నిలబడ్డాడు. నాకంటే చిన్నవాడే. "ఎప్పుడు వదుల్తారు బాబూ?" అని నాన్న అడిగాడు. "నాకేటి తెల్దు బావూ. జెండా పట్టుకోమన్నారు, పట్టుకున్నాను" అన్నాడు వాడు. ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా వాడికి తెలియదు.

గంటన్నర పోయాక వెనకనుంచి 108 బండి వచ్చింది. లోపల నిండు గర్భిణి. దారి ఇద్దామంటే ఇచ్చే చోటు లేదు. తొందరపడ్డ కార్లవాళ్లు అప్పటికే రెండో వరస కట్టేశారు. చివరికి బళ్లలోని మగవాళ్లం కలిసి ఆమెను దుప్పటిలో పడుకోబెట్టి, మట్టి దిబ్బ దాటించి, అవతల ఆగిన జీపులో ఎక్కించాం. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారని తరువాత విన్నాం. మా సరుకు మార్కెట్‌కి చేరేసరికి పదకొండు దాటింది. వచ్చిన డబ్బు వ్యాన్ అద్దెకి సరిపోయింది. అది పెద్ద బాధ కాదు, రైతు ఇంట్లో అలాంటివి మామూలే. రోడ్డు లేని ఊళ్లో డోలీ కడతారని తెలుసు. రోడ్డు వేస్తున్న చోట కూడా డోలీ కట్టవలసి వచ్చిందే, ఆ సంగతి మాత్రం నన్ను వదల్లేదు. ఆ పని ఎవరిదో, ఏ ఆఫీసుదో ఇక్కడ చెప్పను. ఎవరినో ఒకరిని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి చోట నియమం ఏమిటి, బాధ్యత ఎవరిది అని వెతికి తెలుసుకున్నది తోటి విద్యార్థులతో పంచుకోవాలని రాస్తున్నాను.

కొండ రోడ్డు వేరు, మైదానం రోడ్డు వేరు

మన ఏజెన్సీలో ఇప్పుడు పెద్ద పని జాతీయ రహదారి 516-ఇ. రాజమహేంద్రవరంలో మొదలై రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు, బౌడార మీదుగా విజయనగరం వైపు వెళ్లే సుమారు 400 కిలోమీటర్ల దారి ఇది. దీన్ని ముక్కలుగా విడగొట్టి ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క కాంట్రాక్టు కింద వెడల్పు చేసే పని పెట్టారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఇది వెన్నెముకలాంటిది.

మైదానంలో రోడ్డు వెడల్పు చేస్తే పక్క పొలంలోంచి తాత్కాలికంగా బాట తీయవచ్చు. ఘాట్‌లో ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. పనిచేసే చోటూ, బళ్లు నడిచే చోటూ ఒక్కటే. పైగా మన తూర్పు కనుమల రాయి ఖొండలైటు. ఈ కొండల్లో ఉండే ఖోండు జాతి పేరుమీదనే 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాయికి పేరు పెట్టాడు. ఎండకీ వానకీ ఇది తేలిగ్గా శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. దాని కాలు నరికి నిలువుగా తవ్వి వదిలేస్తే, నాలుగు వానలు పడగానే నీరు తాగి బరువెక్కి కిందకి జారుతుంది. అందుకే ఇక్కడ ముందు నీటి కాలువ, తరువాత రిటైనింగ్ గోడ, ఆ తరువాతే మిగతా పని అన్న వరస తప్పకూడదు.

ఘాట్‌లో పొరపాటుకి చోటు ఎంత తక్కువో 2021 ఫిబ్రవరిలో అనంతగిరి మండలం డముకు దగ్గర చూశాం. పర్యాటకుల బస్సు ఒకటి లోయలో పడి నలుగురు చనిపోయారు. అది రోడ్డు పనివల్ల జరిగింది కాదు. మామూలు రోజున, మామూలు రోడ్డుమీదనే అలా జరిగితే, సగం తవ్విన రోడ్డుమీద, చీకట్లో, బోర్డు లేని మలుపులో ఎంత జాగ్రత్త ఉండాలో ఊహించుకోవచ్చు.

కొంచెం లెక్క చూద్దాం

మనం సైన్సు విద్యార్థులం కాబట్టి లెక్క లేకుండా మాట్లాడకూడదు.

గంటకు 40 కి.మీ. వేగమంటే సెకనుకు 11 మీటర్లు. డ్రైవరు అడ్డంకిని చూసి బ్రేకు తొక్కేవరకు రెండున్నర సెకన్లు పడుతుందని రోడ్డు ఇంజనీర్లు లెక్క వేస్తారు. ఆ లోపలే బండి 28 మీటర్లు పోతుంది. తారురోడ్డుమీద బ్రేకు పడ్డాక ఇంకో 17 మీటర్లు. మొత్తం 45 మీటర్లు. అదే రోడ్డుమీద తడిమట్టి పడి రాపిడి గుణకం 0.2కి తగ్గిందనుకోండి, నూటికి ఆరు చొప్పున దిగుడు ఉందనుకోండి. బ్రేకు దూరమే 45 మీటర్లు అవుతుంది, మొత్తం 73. మలుపు తిరిగాక 50 మీటర్లలో పొక్లెయిన్ కనిపిస్తే ఎంత మంచి డ్రైవరైనా ఆపలేడు. కాబట్టి బోర్డు పని దగ్గర కాదు, మలుపుకి ఇవతలే ఉండాలి. ఇది దయ కాదు, భౌతికశాస్త్రం.

ఇక జామ్ సంగతి. ఒక కిలోమీటరు మేర ఒక్క బండి పట్టే దారే మిగిలిందనుకుందాం. 20 కి.మీ. వేగంతో అది దాటడానికి మూడు నిమిషాలు. ఒక వైపు ఐదు నిమిషాలు వదిలి, మూడు నిమిషాలు ఖాళీ అవనిచ్చి, రెండో వైపు అలాగే వదిలితే ఒక ఆవృత్తం 16 నిమిషాలు. ఆరు సెకన్లకొక బండి చొప్పున ఐదు నిమిషాల్లో 50 బళ్లు పోతాయి. అంటే ఒక్కొక్క వైపు గంటకు సుమారు 187 బళ్లు. వచ్చేవి గంటకు 120 అయితే ఎవరూ పదకొండు నిమిషాలకు మించి ఆగనక్కర్లేదు.

అలా కాకుండా పనికోసం రెండు గంటలు పూర్తిగా ఆపేశారనుకోండి. ఒక్కొక్క వైపు 240 బళ్లు చేరతాయి. బండికి పది మీటర్లు వేసుకున్నా 2.4 కిలోమీటర్ల వరస. తెరిచాక గంటకు 67 చొప్పున మాత్రమే ఆ వరస తగ్గుతుంది. మొత్తం తీరడానికి మూడున్నర గంటలు పైనే. అందరూ పోగొట్టుకున్న కాలం కలిపితే ఒక వైపే సుమారు 667 బండి-గంటలు. అదే రెండు గంటల పనిని అరగంట చొప్పున నాలుగుసార్లు చేసి, మధ్యలో వరస తీరేదాకా వదిలితే నాలుగుసార్లకీ కలిపి నష్టం 167 బండి-గంటలే. పని అంతే, నష్టం నాలుగో వంతు! ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే గాని సూత్రం ఎక్కడైనా ఒకటే. కాంట్రాక్టరు నాలుగుసార్లు యంత్రం ఆపాలి, నిజమే, అతనికి ఖర్చే. ఆ ఖర్చు అతను పెట్టుకోకపోతే వరసలో ఉన్న వందలమంది పెట్టుకుంటున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆగిన వరసను దాటి నలుగురు ముందుకు పోయి రెండో వరస కడితే, ఎదుటివాళ్లకు దారి మూసుకుపోతుంది. ఇక ఎవరు వదిలినా ఎవరూ కదల్లేరు. జామ్‌ను పని మొదలుపెడుతుంది, రెండో వరస ముడివేస్తుంది.

దీనికి మందు మన కొండల్లోనే ఉంది. 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైల్వే లైను వేశారు. 58 సొరంగాలు ఉన్న ఆ ఒంటి లైనుమీద ఎదురెదురు రైళ్లు ఎలా నడిచాయి? రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒక్క రైలే ఉండాలి, అధికారపూర్వకంగా అనుమతి అందనిదే బండి కదలకూడదు. ఒంటి దారి రోడ్డుకీ అదే పద్ధతి వాడవచ్చు. ఈ చివర వదిలిన ఆఖరి బండి చేతికి ఒక కర్ర ఇస్తారు. ఆ కర్ర ఆ చివరి జెండా మనిషికి చేరాకే అటునుంచి బళ్లు కదలాలి. సెల్ సిగ్నల్ లేని లోయలో కూడా ఇది పనిచేస్తుంది. ఖర్చు ఒక కర్ర.

నియమాలు లేవా?

ఉన్నాయి, చక్కగా ఉన్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1934లో ఏర్పడిన సంస్థ. రోడ్డు పని జరిగేచోట ట్రాఫిక్ ఎలా నడపాలో వాళ్లు ఎస్.పి. 55 అనే మార్గదర్శక గ్రంథం వేశారు, 2014లో సవరించారు. దాని ప్రకారం పని స్థలాన్ని నాలుగు భాగాలుగా చూడాలి.

1. ముందస్తు హెచ్చరిక భాగం: ముందు పని ఉంది, దారి సన్నబడుతుంది, వేగం తగ్గించండి అని వరసగా బోర్డులు.

2. మళ్లింపు భాగం: బళ్లను మామూలు దారినుంచి మిగిలిన దారికి శంకువులతో, డ్రమ్ములతో మెల్లగా తిప్పడం.

3. పని భాగం: కూలీలకూ బళ్లకూ మధ్య అడ్డుకట్ట, కొంత ఖాళీ జాగా.

4. ముగింపు భాగం: ఆంక్ష అయిపోయిందని తెలిపే బోర్డు.

జెండా మనుషులకు శిక్షణ, మెరిసే కోటు, రాత్రి దీపాలు ఉండాలి. పని మొదలుపెట్టకముందే ట్రాఫిక్ ప్రణాళిక తయారుచేసి ఇంజనీరు ఆమోదం పొందాలి.

కేంద్ర రోడ్డు రవాణా శాఖవారి రోడ్డు పనుల నిర్దేశాల్లో 112వ క్లాజు పూర్తిగా ఈ విషయమే. ట్రాఫిక్‌కు వీలైనంత తక్కువ ఇబ్బందితో పని చెయ్యాలని అందులో ఉంది. అదే శాఖ నమూనా ఒప్పందం ప్రకారం, పని జరిగినన్నాళ్లూ పాత దారి భద్రత ఒప్పందం నాటి స్థితికంటే చెప్పుకోదగ్గంత దిగజారకుండా కాంట్రాక్టరు తన ఖర్చుతో చూసుకోవాలి.

మరి ఎందుకు జరగదు? నాకు తోచిన ముఖ్య కారణం ఇది. 112వ క్లాజు కింది ఏర్పాట్లను చాలావరకు అసలు పనిలో అంతర్భాగంగానే లెక్క కడతారు, విడిగా డబ్బు ఉండదు. కంకర వేస్తే ఎం-బుక్‌లో ఎక్కుతుంది, బిల్లు వస్తుంది. బోర్డు పెడితే విడిగా బిల్లు రాదు. బిల్లు రాని పనిని తగ్గించుకుంటే లాభమే. ఎం-బుక్‌లో లేనిదాన్ని కొలిచేవాడూ ఉండడు, కోత పెట్టేవాడూ ఉండడు. మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు, లెక్క అలా ఉంది.

చట్టం ఏమంటోంది?

2019లో మోటారు వాహనాల చట్టానికి 198-ఏ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు అధికారి గాని, కాంట్రాక్టరు గాని, కన్సల్టెంటు గాని నిర్ణయించిన ప్రమాణాలు పాటించకపోవడంవల్ల మరణమో అంగవైకల్యమో కలిగితే లక్ష రూపాయలవరకు జరిమానా. కోర్టు చూడవలసినవాటిలో రెండు ముఖ్యం: ప్రమాదకర స్థితి సంగతి అధికారికి తెలుసా లేక తెలిసి ఉండవలసిందా అన్నది ఒకటి, ఏ హెచ్చరిక బోర్డులు పెట్టారన్నది రెండోది. నేరం మోపే హక్కు ప్రజలకు ఉందని చదివి మొదట సంతోషించాను. తరువాత ఆలోచిస్తే లోటు కనిపించింది. కోట్ల పనికి లక్ష ఎంత? పైగా చావో వైకల్యమో వస్తేనే సెక్షన్ కదులుతుంది. నాలుగు గంటలు దారిలో చిక్కిన గర్భిణి క్షేమంగా ఉంటే అక్కడ నేరమే లేదు!

పబ్లిక్ దారికి అడ్డంకి కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 285 కింద ఐదువేల వరకు జరిమానా ఉంది. పాత శిక్షాస్మృతిలో అది రెండువందలే. నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద సబ్-కలెక్టరు వంటి మెజిస్ట్రేటు ఆ అడ్డంకి తొలగించమని ఉత్తర్వు ఇవ్వగలరు. పాత చట్టంలో ఇది 133వ సెక్షన్. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో ఈ సెక్షన్ కిందనే, డబ్బు లేదన్నది సాకు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఢిల్లీలో 1951లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో, 1966లో, లోపం మాకు తెలియదన్న మాట చెల్లదని అదే కోర్టు చెప్పింది. 2013నుంచి 2017వరకు గోతులవల్ల 14,926 మంది చనిపోయారన్న నివేదిక 2018 డిసెంబరులో చూసి ఇది ఒప్పుకోరానిదని కూడా ఆ కోర్టే అన్నది.

ఇంతకీ ఎవరు?

ఏజెన్సీలో ఈ ప్రశ్నకు జవాబు దొరక్కపోవడానికి ఒక కారణం, రోడ్లకు యజమానులు చాలామంది. జాతీయ రహదారి కేంద్ర శాఖది. పనిని చూసేది ఆర్ అండ్ బి జాతీయ రహదారుల విభాగమో, ఎన్.హెచ్.ఏ.ఐ.నో. రాష్ట్ర రోడ్డు ఆర్ అండ్ బిది, ఊరి రోడ్డు పంచాయతీరాజ్‌ది, గూడెం రోడ్డు గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్‌ది. ఫిర్యాదు తీసుకెళ్తే "మాది కాదు బాబూ, వాళ్లది" అనడం తేలిక. నా అభిప్రాయం ఇది. జెండా పట్టిన కూలీది బాధ్యత కాదు. ఏర్పాటు చెయ్యవలసినది కాంట్రాక్టరు. చేశాడో లేదో చూసి, చెయ్యకపోతే పని ఆపించవలసినది పర్యవేక్షించే ఇంజనీరు. ఇంజనీరు చూశాడో లేదో అడగవలసినది పని అప్పగించిన శాఖ. బాధ్యత కిందనుంచి పైకి పోవాలి. మన దగ్గర పైనుంచి కిందకి జారి ఎర్రగుడ్డ కుర్రాడి దగ్గర ఆగుతోంది.

ఈ కొండల్లో ఇది కొత్త కథా కాదు. వందేళ్ల కిందట నర్సీపట్నంనుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత బలవంతపు చాకిరీ చేయించాడు, కూలి సరిగా ఇవ్వలేదు. అడిగేవాడికి జవాబు చెప్పే చోటు లేకపోయింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద అల్లూరి సీతారామరాజు దళం దాడులు చేసింది. మన్యం తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి, అడవి చట్టాలు ముఖ్యం. కాని రోడ్డు కూలి కూడా అందులో ఒకటి అని చరిత్ర చెబుతుంది. ఇప్పటి పరిస్థితి అప్పటిది కాదు, ఇప్పుడు అడగడానికి చట్టం ఉంది. అది వాడుకోకపోతే తప్పు మనది.

రెండో పక్క కూడా చూడాలి

కాంట్రాక్టరు చెప్పేది పూర్తిగా కొట్టిపారేయలేం. కొండమీద వాన పడని నెలలు తక్కువ. అవే నెలల్లో వలిసె పూలు చూడటానికీ, చలి చూడటానికీ పర్యాటకులు వేలమంది వస్తారు. పని కాలమూ, రద్దీ కాలమూ ఒక్కటే. డ్రైవర్లు బోర్డులు లెక్కచెయ్యరు, శంకువులు పట్టుకుపోయేవాళ్లూ ఉన్నారు. రెండో వరస కట్టేది మనమే. ఇవన్నీ నిజాలే. కాని ఇవి పని మొదలుపెట్టకముందే తెలిసిన నిజాలు. ముందే తెలిసిన కష్టానికి ముందే ఏర్పాటు ఉండాలి గాని, తరువాత అదే సాకు కాకూడదు.

ఏం చేయవచ్చు?

1. ట్రాఫిక్ ఏర్పాట్లను టెండరులో విడి పద్దుగా పెట్టి, రోజువారీ కొలిచి, లేని రోజుకు కోత పెట్టాలి.

2. పని రెండు చివరలా కాంట్రాక్టరు, ఇంజనీరు ఫోన్ నంబర్లు, దారి మూసే వేళలు తెలుగులోనూ, ఒడియాలోనూ బోర్డు రాయాలి. సంత రోజున పగలు దారి మూయకూడదు.

3. 108 బండి వస్తే ఎంతసేపట్లో దారి ఇవ్వాలో ముందే నిర్ణయించాలి. పని చోట ఒక జీపు అవతల పక్క సిద్ధంగా ఉంచాలి.

4. ఇది అయిదవ షెడ్యూలు ప్రాంతం. 1996 పెసా చట్టం అభివృద్ధి పనుల భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించమంటోంది. భూమి సంగతితోబాటు దారి మూసే ప్రణాళికనూ గ్రామసభ ముందు పెట్టమని అడగవచ్చు.

5. విద్యార్థులు చేయగలిగినది ఒకటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, ఆమోదించిన ట్రాఫిక్ ప్రణాళిక నకలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ప్రణాళిక ఉంటే దారిమీద ఉన్నదానితో పోల్చి చూడండి. లేకపోతే లేదని రాతపూర్వకంగా వస్తుంది, అదీ సాక్ష్యమే. తేదీ, వేళ, చోటు రాసుకుని సబ్-కలెక్టరు గారికి అర్జీ పెట్టండి.

నేను మొదటి అర్జీ పెట్టాను. జవాబు రావలసి ఉంది. ఈలోగా సెలవులకు ఊరు వెళ్తే నాన్న అడిగాడు, "చదువుకున్నావు గదా, ఆ రాత్రి తప్పు ఎవరిదిరా?" అని. "ఎర్రగుడ్డ కుర్రాడిది కాదు నాన్నా" అన్నాను. "అది నాకూ తెలుసు. మిగతావాళ్ల సంగతి తెలుసుకుని చెప్పు" అన్నాడు. ఆ మిగతావాళ్ల సంగతి తెలుసుకోవడం మనందరి పని.